సుమన డాక్టరమ్మ రాసిచ్చిన జాబితా

మా సుమన డాక్టరమ్మ మొండిదని సూరత్‌లోని ఈ ఉధ్నా పేట అంతా అంటుంది. పన్నెండేళ్లుగా ఆమె దగ్గర నర్సుగా ఉన్న ఐలమ్మను, నేను చెబుతున్నాను, ఆ మాట చాలా తక్కువ!

సిరిసిల్ల నుంచి వచ్చి ఈ సందులోనే సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన నేతగాడి కూతురామె. డాక్టరు చదివి, రెండేళ్లు దక్షిణ సూడాన్‌లో శరణార్థుల గుడారాల్లో వైద్యం చేసింది. తిరిగొచ్చాక పెద్ద ఆసుపత్రులు పిలిచినా పోలేదు. ఒక సేఠ్ భవనంలో కింది గది అద్దెకు తీసుకుని కూర్చుంది. "ఆడ టెంట్ల జేసిన ఐలక్కా, ఈడ గోడలన్న ఉన్నయ్" అంది.

పోయినేడు సాంచెల కార్ఖానాలో పగటి షిఫ్టు చేసే గంగారాం నెల రోజుల దగ్గుతో వచ్చాడు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగితే, "ఎవ్వరు లేరు, పెండ్లాం పిల్లలు ఊర్ల ఉన్నరు" అన్నాడు. ఫారంలో 'ఒంటరి' అని రాసేశాను. నా బుద్ధి మండ! ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలియొద్దూ? డాక్టరమ్మ ఫారం లాక్కుని అడిగింది: "నువ్వు లేచినంక నీ పరుపు మీద ఎవరు పంటరు?"

మా దగ్గర అంతే మరి. పగటి షిఫ్టువాడు లేవగానే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే పరుపు మీద వాలతాడు. కిటికీ లేని గదిలో ఎనిమిది పరుపులు, పదహారు మంది. రోగం పరుపుతో కాదు, ఆ గది గాలితో అంటుకుంటుంది. గంగారాం పరుపు మీద పగలు పడుకునేవాడి పేరు బిక్షపతి. మూడేళ్లుగా ఒకటే దిండు, కానీ ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోలేదు.

"మందులొద్దు మేడం. తెలిస్తే సేఠ్ గదిలకెల్లి ఎల్లగొడ్తడు. మొన్న ఒకన్ని గట్లనే తోలిండు" అని గంగారాం గోళీలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. మందు మింగకపోతే మనిషి దక్కడు. నాకు ఏడుపొచ్చింది.

మా క్లినిక్ ఉన్న భవనమూ ఆ సేఠ్‌దే, గంగారాం పనిచేసే కార్ఖానా, ఆ పదహారు మంది గదీ ఆయనవే. టీబీ మాట ఎలాగో చెవిన పడి మర్నాడే క్లినిక్‌కు వచ్చి కూర్చున్నాడు. టీబీ ఉన్నవాళ్ల పేర్లు రాసివ్వాలట, లేకుంటే క్లినిక్ ఖాళీ చేయాలట. డాక్టరమ్మ కాగితం తీసి ఒక్క పేరు రాసి ఆయన ముందుకు తోసింది. సుమన.

"నాకు సూడాన్‌లో సోకింది. ఆరు నెలలు మందు మింగాను, తగ్గింది. జాబితా ఇంతే, తీసుకెళ్లండి" అని హిందీలో గట్టిగా చెప్పింది. సేఠ్ కుర్చీ నుంచి లేచిన తీరు చూడాలి! సాయంత్రానికి క్లినిక్‌కు తాళం పడింది.

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళకు కార్ఖానా గేటు ముందు బల్ల వేశాం, పైన నీలం టార్పాలిన్. సాంచెల మోతకు సగం చెవులు పోయినవాళ్లు కదా, డాక్టరమ్మ గొంతు చించుకుని అరిచింది: "టీబీ తప్పు గాదు, జబ్బు! నాకొచ్చింది, మందుతోని పోయింది. రాండ్రి!"

గేటు దగ్గర సేఠ్ నిలబడి ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. గంగారాం తల దించుకుని లోపలికి పోబోయాడు.

అప్పుడు రాత్రి షిఫ్టు దిగి బయటికొస్తున్న వరసలోంచి ఒక బక్క మనిషి ముందుకొచ్చాడు. "నేను బిక్షపతిని, నన్ను సూడుండ్రి" అని, జనం వైపు తిరిగాడు. "నా పరుపు మీద పండే గంగారాం ఎవరు? దిండుకు రోజూ దగ్గు మందు వాసనొస్తది. ఓ అన్నా, నువ్వు గూడ రా!"

గంగారాం ఆగిపోయాడు. బిక్షపతి ముఖాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత సేఠ్ ముందునుంచే నడిచొచ్చి చెయ్యి చాపాడు.

"నా గోళీలియ్యి మేడం. ఈడనే మింగుత."

సేఠ్ ఏదో అనబోయాడు. బిక్షపతి అననివ్వలేదు. "ఆయన్ని తోల్తే ఆ పరుపు నాది గూడ, నన్ను గూడ తోలు. పదహారు మందిని తోలి సాంచెలు నువ్వే నడుపుకో!" అన్నాడు. వెనక మిగతావాళ్లు బల్ల ముందు వరస కట్టారు.

పరీక్షలో బిక్షపతికి టీబీ లేదని తేలింది. క్లినిక్ తాళం ఇంకా తీయలేదు, మేమూ అడగలేదు. నిన్న ఆ టార్పాలిన్ కిందే గంగారాం ఆరో నెల చివరి గోళీ మింగాడు. నీళ్ల గ్లాసు అందించింది బిక్షపతి.