నారింజ గీత

మాస్కు ఉండటం వల్ల ఆయన ముఖం నాకు గుర్తులేదు. చెయ్యి గుర్తుంది.

కరోనా రోజుల్లో, జర్మనీలో ఇంగోల్‌స్టాట్ నుంచి మ్యూనిక్ వెళ్లే రైలు అది. పెట్టెలో ఇద్దరమే ఉన్నాం. అప్పటికి నా ఉద్యోగం ఊడింది, కొత్తది దొరక్కపోతే వీసా కూడా పోతుంది. మా ఆవిడ ఫోన్ చేసి, "వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికిందా అండీ?" అంది. "ఇంకా లేదే" అని పెట్టేశాను.

ఎవరితోనైనా మాట్లాడకపోతే ఏడ్చేసేలా ఉన్నాను. ఎదుటి సీట్లో పెద్దాయన కుడి చేతి వేళ్లకు నారింజ రంగు అంటుకుని ఉంది. అదేమిటని అడిగాను. అడవిలో కొట్టేయాల్సిన చెట్లకు రంగుతో గీత పెట్టడం తన పని అన్నాడు.

"ఎండిపోయిన వాటికేనా?"

"వాటికే కాదు. ముందు ఉంచాల్సిన చెట్టును ఎంచుకుంటాం. దాని ఎండకు అడ్డొచ్చే పక్క చెట్టుకు గీత పెడతాం."

"ఆ పక్క చెట్టుకేం రోగం?"

"ఏమీ లేదు. మంచి చెట్టే."

"మా మేనేజరూ అదే అన్నాడండీ. నా పనిలో వంక పెట్టడానికేం లేదన్నాడు. నా పక్క సీటువాణ్ణి ఉంచుకుని నన్ను తీసేశారు," అన్నాను.

ఆయన రంగు చేతిని మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నాడు.

తన స్టేషన్ వచ్చినా ఆ చెయ్యి బయటికి తీయలేదు. సంచీని చంకలో ఇరికించుకుని, తలుపు బటన్ ఎడమ చేత్తోనే నొక్కాడు.