కుట్టుమిషన్ ఆగిన నెల

మా చెల్లెలు దర్జీ. మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకుంటేనే మిషన్ తొక్కగలదు. నేను పదవీ విరమణనాడు తొడుక్కున్న చొక్కా ఆమె కుట్టినదే. అది వేరే సంగతి.

ఆ మాత్రతో గుండెజబ్బు ముప్పు నూరు శాతం పెరుగుతుందని పత్రిక పెద్దక్షరాలతో అచ్చువేసింది. చెల్లెలు భయపడి మాత్ర మానేసింది. నెల తిరిగేసరికి మంచం పట్టింది. కుట్టించుకునేవారు వేరే దర్జీని వెతుక్కోసాగారు.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"పదివేలమందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందమ్మా, అంతే. నీ గుండె బాగుంది, వేసుకో."

"అంతేనా! ఆ ముక్క రాయడానికి వాళ్ల చేతులు పడిపోయాయా అన్నయ్యా?"

నాకూ ఒళ్లు మండింది. ఒకటి రెండయితే నూరు శాతమే, నిజమే. కానీ ఆ ఒకటిని దాచి జనాన్ని బెదిరించడం ఏం న్యాయం?

మర్నాడు చెల్లెలు మాత్ర మింగి, ఆ పత్రికనే పరిచి, కాలరు కొలతకు కత్తిరించింది.

"ఇప్పటికి పనికొచ్చింది," అంది.