రెండో నంబరు ఎవరిది?

దెయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. ఇప్పుడూ నవ్వుతాను. ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తులు పంపకండి.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు అరకు దగ్గర ఒక మిషన్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పాను. ఉన్నది ఒకటే మంచి కంప్యూటర్. దాన్నీ విశాఖకు తరలించాలని పైఅధికారి పట్టుదల. "కొండ పిల్లలకి నెట్‌వర్కులెందుకమ్మా?" అన్నాడు నా మొహం మీదే. నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం మధ్యాహ్నం రండి, నలుగురు ఆడపిల్లలు నెట్‌వర్కు నడిపి చూపిస్తారు, లేకపోతే పట్టుకుపోండి అన్నాను.

ఆ ఒక్క యంత్రంలో లినక్స్ ఎక్కించి, దాని లోపలే నాలుగు వర్చువల్ కంప్యూటర్లు పెట్టాను. తెర మీద నాలుగు కిటికీలు, అంతే. ఒక్కోటీ విడి కంప్యూటర్‌లా పనిచేస్తుంది. వాటిని కలపాలంటే ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇవ్వాలి. ఒకటి అసలు యంత్రానిది. రెండు నుంచి ఐదు దాకా పిల్లలకు పంచాను.

శుక్రవారం పొద్దున గది ఊడుస్తున్న ఆయా సుక్రమ్మ అది విని చీపురు ఆపింది.

"మీరేటి మేడమ్, నంబర్లన్నీ ఈ ఆడగుంటలకే పంచేసినారు? కొత్త పంటొస్తే ముందు పోయిన పెద్దోలకి ఓ ఆకెట్టాకే కదా మనం తింతాం."

ఇది వడ్లు కాదు సుక్రమ్మా అని కసిరాను.

మొదటి కిటికీ తెరిచాను. రెండో నంబరు ఇప్పటికే వేరే కంప్యూటర్ వాడుతోందని వచ్చింది. బయటి కంప్యూటరేదో అడ్డొస్తోందని గోడలోంచి వచ్చే నెట్‌వర్కు కేబుల్ పీకేశాను. మళ్ళీ అదే మాట. ఆ వర్చువల్ కంప్యూటర్ని చెరిపి మూడుసార్లు కొత్తగా కట్టాను. నేనా అదా తేల్చుకుందామని మొండికేశాను. అంతలో గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది. చచ్చినట్టు దానికి ఆరో నంబరు ఇచ్చాను.

నాలుగూ కలిశాయి. పిల్లలు ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి ఫైళ్ళు పంపి చూపించారు. అధికారి కాసేపు చూసి, "సరే, ఉంచుకోండి" అని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత నాలుగు కిటికీలూ మూసేశాను. కేబుల్ ఇంకా నేల మీదే ఉంది. ఉండబట్టలేక రెండో నంబరును పలకరించే కమాండ్ కొట్టాను. జవాబొచ్చింది. వరసగా వస్తూనే ఉంది.

సుక్రమ్మ తొంగి చూసి, "తింతన్నారు. ఊరుకోండి" అంది.

సోమవారం మళ్ళీ పలకరిస్తే జవాబు లేదు. ఆ శుక్రవారం ఎవరు పలికారో, ఎంతమందిని అడిగినా నాకు తేలలేదు.

దెయ్యాలు లేవు. కానీ ఆ తర్వాత ఎక్కడ నెట్‌వర్కు పెట్టినా రెండో నంబరు ఎవరికీ ఇవ్వను. భయపడి కాదు. తింటున్నవాళ్ళ ముందు నుంచి విస్తరి లాక్కోవడం నాకు చేతకాదు.