లాభం, రెండు, మూడు

మా బావ తెలివిగలవాడని నేను అనను. కానీ 'ఒకటి' అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. పెద్దపల్లిలో వడ్లు కొలిచిన మనిషి. కొలిచేటప్పుడు మొదటిదాన్ని 'లాభం' అనాలి, ఆ తర్వాతే రెండు, మూడు. ఇడ్లీలు కూడా అట్లాగే లెక్కపెట్టుకొని తినేవాడు.

కోడలు నేర్పితే ఇంటి లెక్కలు కంప్యూటర్‌లో రాయసాగాడు. అన్నదమ్ముల ఉమ్మడి బోరు ఖర్చూ అందులోనే ఉంది. బోరు పైసలు అన్న తిన్నాడని ఊరంతా చెప్పిన తమ్ముడు, ఒకనాడు లెక్క చూపమని వచ్చి కూర్చున్నాడు. కంప్యూటర్ అప్పుడే బాగుచేయించి తెచ్చారు. తెరిచి చూస్తే లెక్కల జాగా అంతా ఖాళీ.

"మామా, ఫైలు ఏడనో ఉంటది. ఏం పేరు పెట్టిన్రు?" అంది కోడలు.

"పేరేంది బిడ్డా, వరుస లెక్కే పెట్టిన. బోరుది మొదటిది."

'బోరు' అని వెతికింది, 'ఒకటి' అని వెతికింది. దొరకలేదు.

"ఉంటే గద దొరికేది!" అన్నాడు తమ్ముడు.

బావ ముఖం నల్లబడింది.

"అసలు ఎన్ని ఫైళ్లున్నయి మామా? జర యాదికి తెచ్చుకొని చెప్పున్రి."

బావ వేళ్లు ముడిచాడు. "లాభం, రెండు, మూడు..."

"ఆగున్రి!" అని కోడలు ఆ మొదటి మాటే కొట్టి వెతికింది. ఫైలు తెరుచుకుంది.

తమ్ముడు పైనుంచి కిందికి చదివాడు. "అన్నా, బోరు కాడ నేను తాగిన బీడీలు సుత రాసినవా?"

"తాగినవ్, రాసిన."

తమ్ముడు తలవంచుకొని చెప్పుల కోసం లేచాడు. బావ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"చాయ్ తాగి పోరా. గిది రాయను."