సంజీవన్న బిల్లు రాయడు

సంజీవన్న చేత బిల్లు రాయించిన మనిషి ఇబ్రహీంపట్నంలో ఇంకా పుట్టలేదు. రేపు పుట్టినా, వాడి తొట్టెల ఫంక్షన్‌కు టెంటు వేసేది సంజీవన్నే. దానికీ బిల్లు ఇవ్వడు.

సాగర్ రోడ్డు మీద ఆయనకు టెంట్ హౌస్ ఉంది. నాలుగు వందల కుర్చీలు, ఎనిమిది షామియానాలు, మనిషి దిగి స్నానం చేయగలిగినంత పెద్ద వంట బగోనెలు. సరుకుకు లోటు లేదు. బిల్లుబుక్కు ఒక్కటే లేదు. ఎవరైనా అడిగారా, పంక్తి మధ్యలో కూర అయిపోయిందని విన్న పెళ్లికూతురి తండ్రిలా ముఖం పెడతాడు.

"కుర్చీలు వచ్చినయా?" అంటాడు.

"వచ్చినయ్."

"కూసున్నరా?"

"కూసున్నరు."

"మల్ల కాయితమెందుకు? దాని మీద కూసుంటవా?"

తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారి రితేష్. వినాయక చవితి మండపానికి కుర్చీలు తెప్పించి, బిల్లు కోసం మూడు రోజులు గోదాము చుట్టూ తిరిగాడు. నాలుగో రోజు సంజీవన్నకు జాలి కలిగింది. ఎవరిదో పాత పెళ్లి పత్రిక వెనక్కి తిప్పి, "కుర్చీలు వచ్చినయి. పోయినయి. రెండు ఇరిగినయి. సంజీవ" అని రాసిచ్చాడు. రితేష్ దాన్ని లామినేషన్ చేయించి దాచుకున్నాడు.

బడి వార్షికోత్సవం అప్పుడు హెడ్మిస్ట్రెస్ రాధమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆడిట్ ఉంది, బిల్లు లేకపోతే తన జీతంలో కోస్తారంది. "కాయితం ఎందుకు మేడం, మనిషినే వస్త" అని ఆడిట్ రోజు పొద్దున పదింటికి వెళ్లి ఆడిటర్ పక్కన కూర్చున్నాడు. ఒక్కో కుర్చీ ఎక్కడ కొన్నాడో, దేని కాలు ఎప్పుడు విరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి ఆ ఆడిటరే తెల్లకాగితం తీసి బిల్లు రాసుకుని, "నువ్వు పోయి రా నాయనా" అని దండం పెట్టాడట.

ఇదంతా వింటే మీకు నవ్వొస్తుంది. నాకు రాదు, ఎందుకంటే ఆయన జీఎస్టీ రిటర్ను నింపేది నేను. నా పేరు ఇమ్మానుయేలు. ఆయన గోదాముకు ఎదురుగా, మందుల దుకాణం మీద గదిలో నా ఆఫీసు. నెలకోసారి సంజీవన్న మెట్లెక్కి వచ్చి, చేతివేళ్లు ముడుస్తూ చెబుతాడు.

"తొమ్మిది పెండ్లిండ్లు. ఒక గృహప్రవేశం. రాస్కో తమ్మీ."

ఏ పెళ్లికి ఎంత కిరాయో రూపాయి తేడా లేకుండా నోటితో చెబుతాడు. నేను రాసుకుంటాను, పన్ను కడతాడు, చాయ్ తాగుతాం. ఏళ్ల తరబడి ఇలాగే హాయిగా నడిచింది. మొన్న ఫిబ్రవరిలో గాలి రావడం లేదని నా బల్లను కిటికీ వైపు తిప్పుకున్నాను. అక్కడే చెడిపోయాను.

కిటికీలోంచి సంజీవన్న గోదాము గేటు కనబడుతుంది. కుర్చీలు నింపుకుని ట్రాలీ ఆటో బయటికి పోతుంటుంది. ఊరికే ఉండలేని బుద్ధి కదా, లెక్కపెట్టాను. ఆ నెలలో ట్రాలీ ఇరవై ఆరుసార్లు పోయింది. నెలాఖరుకు సంజీవన్న వచ్చి, వేళ్లు ముడిచి, "పది" అన్నాడు.

మిగతా పదహారు ఏమయ్యాయి? పెళ్లయినా చావయినా టెంటు టెంటే, కిరాయి కిరాయే. అంటే పదహారింటి కిరాయి జేబులోకి, పది కిరాయిలు ప్రభుత్వం ముందుకు. వాటి కింద సంతకం నాది.

సరిగ్గా ఆ వారమే, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఎవరో కేటరింగ్ ఆయన మీద పన్ను ఎగవేత కేసయింది. ఆయన లెక్కలు రాసే మనిషిని కూడా పిలిచి నాలుగు గంటలు నిలబెట్టారని విన్నాను. ఆ మనిషి నాకు తెలుసు. నాకన్నా చాలా తెలివైనవాడు. ఆయనకే దిక్కు లేకపోతే నేనెంత. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. కింద మందుల దుకాణంలో బీపీ చూపించుకుంటే, అక్కడ పనిచేసే పిల్ల మిషన్ చెడిపోయిందేమోనని రెండోసారి చూసింది.

పోనీ, ఆయన్నే అడుగుదామని గోదాముకు వెళ్లాను.

"అన్నా, ట్రాలీ మస్తు తిరుగుతున్నట్టుంది ఈ నెల."

"తిరుగుతది మల్ల. దానికి టైర్లున్నయ్ గద."

"యాడికి తిరుగుతది?"

"చాయ్‌ల అల్లం ఎయ్యమన్ననా వద్దన్ననా?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. పదిహేను నిమిషాలు రాలేదు. వచ్చిన చాయ్‌లో అల్లం తప్ప ఏమీ లేదు. మాట దాటేస్తున్నాడని అర్థమైంది.

ఇంట్లో కృపారాణికి చెప్పాను. నా భార్య ఏ సంగతైనా రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

"చెప్పకపోతే ఏమైతది?" అంది.

"నా సంతకం పోతది. ఇగ నా దగ్గరికి ఎవలొస్తరు?"

"చెప్తే ఏమైతది?"

"సంజీవన్న పోతడు."

"మరి రెండిట్ల ఏది లేకుండ నువ్వు బతకలేవో గది చూస్కో" అని బియ్యం ఏరుకోవడంలో పడింది. మనిషికి ఇంతకన్నా పనికిరాని సలహా, ఇంతకన్నా సరైన సలహా ఉండదు. నేను ఆ పూటంతా ఇటూ అటూ తిరిగి, చివరికి పిరికివాడు చేసే పనే చేశాను. పేరు లేకుండా పన్నుల ఆఫీసుకు ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను.

చేతిరాత గుర్తుపడతారని ఎడమ చేత్తో రాశాను. ఒక పేజీకి గంటన్నర పట్టింది. అంతా అయ్యాక, అలవాటు కొద్దీ కింద నా ఆఫీసు రబ్బరు స్టాంపు టక్కున కొట్టాను. పేరు, ఫోన్ నంబరు, 'సకాలంలో రిటర్నులు' అన్న మాటతో సహా పడింది. చించేసి మళ్లీ రాశాను. ఎడమ చేయి రెండు రోజులు పని చేయలేదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని తపాలా ఆఫీసు దాకా మూడుసార్లు వెళ్లి మూడుసార్లు తిరిగొచ్చాను. రోజూ పొద్దున పిలిచి చాయ్ పోసే మనిషి మీద డబ్బాలో ఉత్తరం వేయాలంటే చేయి లేవలేదు. ఒక్క రుజువు కళ్లారా చూస్తే లేస్తుందనుకున్నాను. మర్నాడు ట్రాలీ బయల్దేరగానే నా స్కూటీ మీద వెంటపడ్డాను.

ట్రాలీ తుర్కయాంజాల్ చివర ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. టెంటు వేసి, కుర్చీలు దించి వెళ్లిపోయింది. గడపలో యాభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. పేరు సుక్కమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏం ఫంక్షన్ అక్కా?" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "మా ఆయన దినాలు" అంది.

ఇంకొకరైతే తల దించుకుని వెళ్లిపోయేవారు. భయం పట్టినవాడికి సిగ్గు ఉండదు. "టెంటు లెక్కలు రాసేటోన్ని అక్కా. కిరాయి ఎంతిచ్చిండ్రు?" అని అడిగేశాను.

"మేమేడ ఇచ్చినం? మా ఆయనే ఇచ్చి పాయె గద."

"ఎప్పుడు?"

"నిరుడేనట. సంజీవన్న చెప్పిండు. మా ఆయన ఒక దినం వచ్చి, 'నేను పోతే నా పెండ్లాం ఎవల ముందట చెయ్యి చాపొద్దు' అని ఆయన చేతుల పైసలు పెట్టిండంట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సచ్చేదాంక తాగుడే అనుకున్న సార్. నా గురించి గింత ఫికర్ చేసిండని నాకెన్నడు చెప్పలే."

"ఈ ముచ్చట ఎవలకన్న చెప్పినవా?"

"లే. బయట ఎవలకు చెప్పొద్దని మా ఆయన సంజీవన్నతోని ఒట్టు వేయించుకున్నడట. నువ్వు లెక్కల మనిషివంటివి గాబట్టి చెప్పిన."

స్కూటీ తోసుకుంటూ బయటికొచ్చాను. కిందటి వారం బొంగులూరుకు కూడా ట్రాలీ పోయిందని గుర్తొచ్చి అటు పోయాను. అక్కడ హిమజ అనే అమ్మాయి వాళ్ల తాత పోయాడు. "తాతే ముందుగాల ఇచ్చిండు సార్, ఎవలకు చెప్పొద్దన్నడట" అంది ఆ పిల్ల, కళ్ల నిండా నీళ్లతో, ముఖం నిండా గర్వంతో.

నేను రోడ్డు పక్కన బండి ఆపి కూర్చుండిపోయాను. ఎందుకంటే మా బాపు నాగయ్య కూడా ముందుగానే ఇచ్చాడు.

ఈ ముచ్చట నేనెవరికీ చెప్పలేదు. కృపారాణికి కూడా చెప్పలేదు, నాకూ అదే ఒట్టు కదా. మిల్లులో ఉద్యోగం మానేసి ఆఫీసు పెట్టానని బాపు నాతో రెండేళ్లు మాట్లాడలేదు. అలాగే పోయాడు. మట్టి చేసి వచ్చాక సంజీవన్న నన్ను పక్కకు పిలిచి, "కిరాయి మీ బాపు ఇచ్చి పోయిండు. 'మావోడు కొత్తగ ఆఫీసు పెట్టిండు, వాని మీద బరువు పడొద్దు' అన్నడు" అని చెప్పాడు. ఆ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ ఆఫీసు మెట్లు ఇన్నాళ్లూ ఎక్కుతున్నాను.

తిరిగొచ్చేసరికి సంజీవన్న గోదాములో కుర్చీలు తుడుస్తున్నాడు.

"అన్నా, సుక్కమ్మ పెనిమిటి నిజంగ పైసలిచ్చిండా?"

తుడిచే చేయి ఆగింది. "ఇచ్చిండు."

"హిమజ వాళ్ల తాత?"

"ఆయన జర తక్వ ఇచ్చిండు. పింఛను మనిషి గద."

"నెలకు పదహారు మంది గిట్ల ముందుగాల్నే ఇచ్చి పోతున్నరా?"

"మన దిక్కు మనుషులు మంచోళ్లు తమ్మీ. ముందుచూపు ఎక్వ."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివాడు.

"ఎవడో పాపం చెయ్యి నొప్పితోని రాసినట్టుంది" అన్నాడు.

"నేనే రాసిన అన్నా. నువ్వు పన్ను ఎగ్గొడుతున్నవనుకున్న."

ఆయన కోప్పడలేదు. కుర్చీ మీద చతికిలబడ్డాడు. "నాకు గూడ గదే భయం తమ్మీ, ఇన్నేండ్ల సంది. బిల్లుబుక్కు పెడితే అందరికి రాయాలె గద. చావింట్ల ఏం రాస్త? సున్న రాయాలె. సున్న చూస్తే, వాళ్లాయన ఇచ్చిండన్న మాట అబద్ధమైతది."

"పైసలే తీసుకోకుంటె పన్నే లేదన్నా. చావింటికి పుస్తకమే తీసుకపోకు. పెండ్లిండ్లకు మాత్రం బిల్లు ఉండాలె. అవి నేను రాస్త."

"గింతేనా?"

"గింతే."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ఒక కుర్చీ కాలి కింద దూర్చాడు. నా కళ్లు నిండాయి. పర్సు తీసి, "మా బాపు టెంటు కిరాయి అన్నా. గిదైనా తీస్కో" అన్నాను.

సంజీవన్నకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏం మాటలు మాట్లాడుతున్నవ్? మీ బాపు దగ్గర ఒకసారి తీసుకున్న. మల్ల నీ దగ్గర తీసుకుంటే మోసం గాదా? వ్యాపారంల గసొంటి పని నేను చెయ్య."