మద్దిగుంపులో అలిగిన రౌటర్

2024 డిసెంబర్. భద్రాచలంలో ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీ ఫ్రాంచైజీ కింద ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా సొంతూరు నేలకొండపల్లి. ఒకప్పుడు అక్కడ డిష్ కేబుల్ లాగిన చేతులే ఇప్పుడు ఫైబర్ లాగుతున్నాయి. ఫైబర్ అంటే వెంట్రుక మందం గాజు పోగు, దాంట్లో వెలుతురు పోతుంది. ఆ వెలుతురును ఇంట్లో వైఫైగా మార్చే డబ్బానే రౌటర్. దుమ్ముగూడెం దాటాక అడవి పక్కన ఉండే గుంపులన్నీ నా లైనులోకే వస్తాయి. గుంపు అంటే కోయవాళ్ల చిన్న ఊరు.

ఆ చలికాలం కంపెనీ కొత్త రకం రౌటర్లు పంపింది. తెల్లగా నిగనిగలాడుతూ, రెండు చెవులు నిక్కబొడుచుకుని చూడ్డానికి దర్జాగా ఉండేవి. మేం వాటికి 'కొత్త అల్లుడు' అని పేరు పెట్టాం. ఎందుకు అలుగుతుందో చెప్పదు, ఎంత బతిమాలినా పలకదు, మళ్లీ దానంతటదే మనసు మార్చుకుంటుంది. రోజూ ఎవరో ఒకరి ఇంట్లో అలక తీర్చలేక నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

అట్లాంటి రోజుల్లో మద్దిగుంపు నుంచి టికెట్ వచ్చింది. కస్టమర్ ఫిర్యాదును మా భాషలో టికెట్ అంటాం. 'నెట్ మాటిమాటికీ పోతున్నది' అని ఒక్క ముక్క. బండి మీద వెళ్లాను. ఊరి మొదట్లోనే రేకుల షెడ్డు. లోపల ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. ఎండబెట్టిన ఇప్పపువ్వును వేయించి, పల్లీలు, నువ్వులు కలిపి మిషన్‌లో పొడి కొట్టి, బెల్లంతో ఉండలు కడతారు. షెడ్డు బయటికే కమ్మటి వాసన వస్తోంది.

ఆ ఆడవాళ్ల సంఘానికి పెద్ద జోగమ్మ. ఏభై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఎదురొచ్చింది. లోపలికి తిరిగి కోయలో ఏదో గట్టిగా చెప్పింది. అందరూ చేతులు తుడుచుకుని లేచారు. నాకు కుర్చీ వేశారు, కాళ్లకు నీళ్లిచ్చారు, ఆకులో రెండు లడ్డూలు పెట్టారు. రౌటర్ చూడబోతే జోగమ్మ ఒప్పుకోలేదు.

"ముందు తిను సారూ. అది యాడికి పోతది?"

తిన్నాను. తర్వాత పవర్ మీటర్ పెట్టి చూశాను. ఫైబర్‌లో వెలుతురు ఎంత బలంగా వస్తున్నదో చెప్పే పరికరం అది. రీడింగ్ దివ్యంగా ఉంది. రౌటర్ మీద పచ్చ లైట్లన్నీ బుద్ధిగా వెలుగుతున్నాయి. ఎంతసేపు కూర్చున్నా ఒక్క లైటూ రెప్ప వేయలేదు. డాక్టరును చూడగానే జ్వరం దిగిపోయిన పిల్లాడిలా ఉంది దాని వాలకం. అంతా బాగుందని టికెట్ మూసేశాను. ఇంకా భద్రాచలం చేరనేలేదు, ఫోన్ మోగింది.

"పోయిందన్నా మళ్ల." ఆ గొంతు సునీతది. జోగమ్మ కోడలు, డిగ్రీ దాకా చదివింది, సంఘానికి ఫోన్లు, ఆర్డర్లు అన్నీ ఆమే చూస్తుంది.

ఖమ్మంలో ఉండే మా సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన కంప్యూటర్‌లో చూసి నవ్వాడు. "నీ రౌటర్ పవర్ ఆఫ్ అని చూపిస్తున్నదయ్యా. వాళ్లే స్విచ్ ఆపుతున్నరు. ఆడలేక మద్దెల ఓడు అంటే గిదే."

నాకు మండింది. అంత మర్యాదగా లడ్డూలు పెట్టే మనుషులు స్విచ్ ఆపి అబద్ధమాడతారా? మర్నాడే ఇంకో కొత్త రౌటర్, దాని అడాప్టర్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. అడాప్టర్ అంటే గోడ కరెంటును పన్నెండు వోల్టులకు తగ్గించి రౌటర్‌కు ఇచ్చే చిన్న నల్ల డబ్బా. మళ్లీ అందరూ లేచారు, మళ్లీ కుర్చీ, మళ్లీ లడ్డూలు. రెండూ మార్చాను. బ్రహ్మాండంగా పనిచేసింది. నేను ఊరు దాటగానే మళ్లీ పోయింది. ఈసారి సునీత ఫోన్‌లో ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి.

హైదరాబాద్‌లో తినుబండారాల షాపులు నడిపే ఒక మేడం వీళ్ల లడ్డూలు రుచి చూసి మెచ్చుకుంది. ఏడాది పొడుగునా కొంటానంది. అయితే శుభ్రంగా చేస్తున్నారో లేదో, మొదటినుంచి చివరిదాకా వీడియో కాల్‌లో తన కళ్లతో చూడాలంది. రెండుసార్లు కాల్ చేసింది, రెండుసార్లూ మధ్యలో తెగిపోయింది. శుక్రవారం ఆఖరిసారి చూస్తానని, అప్పుడూ కుదరకపోతే ఇంకో ఊరి సంఘానికి ఇచ్చేస్తానని చెప్పింది.

"శనివారం మేస్త్రి డీసీఎం వ్యాను తీసుకొని వస్తడన్నా, మిర్చి ఏరే కూలోళ్ల కోసం" అంది సునీత. "ఈ ఆర్డర్ రాకపోతే మేం ఎక్కాల్సిందే. పోయినేడు ముదిగొండ దిక్కు పోయినం. అక్కడ గుడిసెల్ల పిల్లకు జరమొస్తదని మా అత్త కాడ ఇడిసిపెట్టి పోయిన. తిరిగొచ్చినంక ఎత్తుకోబోతే నన్ను చూసి ఏడ్చి మా అత్తను పట్టుకుంది. నేనెవరో మర్చిపోయింది."

వాళ్లు కొండలెక్కి ఏరిన పువ్వు, వాళ్ల చేతి రుచి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా లేనిది మేమిచ్చిన డబ్బా ఒక్కటే. శుక్రవారం మిగతా టికెట్లన్నీ పక్కన పెట్టాను. సూపర్‌వైజర్ ఏమంటే అది అననీ అనుకుని పొద్దున్నే మద్దిగుంపులో దిగాను.

అందరూ ఉతికిన చీరలు కట్టుకుని, తలలకు టోపీలు పెట్టుకుని తయారుగా ఉన్నారు. రౌటర్ ముందు కాపలా కుక్కలా కూర్చున్నాను. పొద్దెక్కేదాకా అది కిక్కురుమనలేదు. మేడం కాల్ వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది. సునీత ఫోన్ పట్టుకుని పువ్వులో నలుసులు ఏరడం చూపించింది, పొయ్యి మీద వేయించడం చూపించింది. మేడం తల ఊపుతోంది. గెలిచాం అనే అనుకున్నాను.

"పొడి ఎట్లా కొడతారో చూపించండమ్మా" అంది మేడం.

జోగమ్మ వెళ్లి మిషన్ స్విచ్ వేసింది. షెడ్డు దద్దరిల్లింది. పైన బల్బు ఒక్కసారి ఎర్రగా మసకబారి మళ్లీ వెలిగింది. నా కళ్లముందే రౌటర్ మీద లైట్లన్నీ ఆరిపోయాయి. ఫోన్‌లో మేడం ముఖం కూడా మాయమైంది.

సునీత అక్కడే కూలబడింది. నేను మాత్రం ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, అక్కడున్నవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. దొంగ దొరికింది. ఇన్నాళ్లూ నా ముందు నంగనాచిలా నటించిన దొంగ. నేను వచ్చిన రెండుసార్లూ ఆ మిషన్ చప్పుడే వినలేదని అప్పుడు తట్టింది.

"జోగమ్మా, నేనొచ్చినప్పుడు ఈ మిషన్ ఎందుకు నడపలేదు?"

ఆమె నావైపు వింతగా చూసింది. "మనిషి ఇంటికొస్తే రోకలి పక్కన పెట్టాలె సారూ. సుట్టం కూసొని ఉంటే దంచుకుంట ఉంటమా? నువ్ పో పో అన్నట్టు కాదా? మిషనైతే మాత్రం ఏంది, అది గూడ రోలే కద."

రోకలికున్న మర్యాదనే వాళ్లు మిషన్‌కూ పాటించారు. నన్ను గౌరవించడానికి మిషన్ ఆపారు, మిషన్ ఆగగానే రోగం ఆగిపోయింది. నేను బండి తిప్పగానే పని మొదలు, అలక మొదలు. పనిలో ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకునేది సునీత ఒక్కతే, అదీ కాల్ వచ్చినప్పుడే. అందుకని వాళ్లకూ ఆ ముడి కనిపించలేదు.

సంగతేమిటంటే, గుంపుకు వచ్చేది లైను చివరి కరెంటు. మిషన్ మోటార్ తిరిగితే వోల్టేజ్ దభేల్మని పడిపోతుంది. మంచి అడాప్టర్ అయితే ఆ కుదుపును ఓర్చుకుంటుంది. కొత్త అల్లుళ్లతో పాటు కంపెనీ పంపినవి పుల్లల్లాంటి అడాప్టర్లు, కాస్త తగ్గితే చేతులెత్తేస్తాయి. ఖమ్మంలో కంప్యూటర్‌కు అదే 'పవర్ ఆఫ్' అని కనిపిస్తుంది. నా సంచిలో ఉన్న అడాప్టర్లూ అదే రకం. మిషన్ ఆపి మాట్లాడదామంటే మేడం చూడాలన్నదే మిషన్‌ను. సెల్ డేటా వాడదామంటే గుంపులో సిగ్నల్ మాటలకే సరిపోతుంది, వీడియోకు చాలదు.

గోడ కరెంటుతో సంబంధమే లేకుండా పన్నెండు వోల్టులు కావాలి. ముందు నా బండి బ్యాటరీ విప్పుదామనుకున్నాను. అది విప్పేసరికి మేడం ఇంకో సంఘంతో మాట్లాడేస్తుంది. చుట్టూ చూస్తే, పక్కింటి చూరుకు వేలాడుతూ పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు కనిపించింది. దాని అడుగున ఉండేది సరిగ్గా పన్నెండు వోల్టుల బ్యాటరీ.

"అది ఎవరిది?"

"మా ఇంటాయనది" అంది జోగమ్మ. "చేనుకు తీస్కపోవాలని రాత్రే చార్జింగ్ పెట్టిండు."

"వైరు కొయ్యాలి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అరుస్తడు. అరవనీ. కొయ్యి." నేను పంపు పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తబోతే గడపలో చేతులడ్డం పెట్టింది. "మందు పంపు లోపలికి రావద్దు సారూ. తినే వస్తువులున్నయి. నెట్ రాకున్నా సరే."

ఆ తొందరలో నాకు రాని బుద్ధి ఆమెకు వచ్చింది. పంపును దూరంగా పెట్టి, బ్యాటరీ ఒక్కటే విప్పి తుడిచి, గోడ బయట కిటికీ కింద పెట్టాను. అడాప్టర్ వైరును దాని నల్ల డబ్బా దగ్గర కత్తిరించి కిటికీలోంచి బయటికి లాగాను. రెండు పోగులు. ప్లస్, మైనస్ తారుమారైతే రౌటర్ అక్కడికక్కడే కాలిపోతుంది. వోల్టుల మీటర్ పెట్టి ఒకసారి చూసుకుని, నమ్మకం లేక మళ్లీ చూసుకుని, టేపు చుట్టాను. లైటు వెలిగింది. రౌటర్ పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఒక్కో పచ్చ లైటు వెలిగినప్పుడల్లా వెనక నుంచి ఊపిరి వదిలిన చప్పుడు.

సునీత మేడంకు కాల్ చేసింది. మేడం ఎత్తింది గానీ గొంతులో విసుగు తెలుస్తోంది. "చూడండమ్మా, నాకు టైం లేదు. ఈసారి కట్ అయితే ఇంక వద్దు."

"అవ్ మేడం, ఇగ చూడుండ్రి" అని సునీత మిషన్ వైపు తిరిగింది.

జోగమ్మ స్విచ్ మీద చెయ్యి పెట్టి నావైపు చూసింది. వెయ్యమని తల ఊపాను. మిషన్ గర్జించింది. బల్బు మసకబారింది. రౌటర్ లైట్లు కదల్లేదు. ఫోన్‌లో మేడం తలవంచి పొడిని చూస్తోంది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. నాకు కేక పెట్టాలనిపించింది, నోరు మూసుకున్నాను.

"ఆపండి, లోపలి జల్లెడ చూపించండి" అంది మేడం. చూపించారు. "సరే, మళ్లీ వేయండి." మోటార్ మొదలయ్యేటప్పుడే వోల్టేజ్ ఎక్కువగా పడేది. ఆమెకు తెలియకుండానే నా పనితనానికి మళ్లీ పరీక్ష పెట్టింది. అల్లుడు ఈసారీ పరువు నిలబెట్టాడు. ఉండలు కట్టడం, ఎండుటాకుల్లో చుట్టడం అన్నీ చూసి మేడం మొదటిసారి నవ్వింది.

"మా షాపులకు మీరే పంపండి జోగమ్మగారూ. ఎప్పుడు మొదలుపెడతారు?"

"సూస్తనే ఉన్నవు కద తల్లీ, మొదలువెట్టినం" అంది జోగమ్మ.

షెడ్డులో ఒకటే గోల. నా వీపు మీద ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు, చొక్కా నిండా బెల్లం. జోగమ్మ ఇంటాయన చేను నుంచి వచ్చి పంపు సంగతి విని, ఆమె చెప్పినట్టే అరిచాడు. లడ్డూ చేతిలో పెట్టాక కాస్త తక్కువగా అరిచాడు. కొత్త వైరు వేసి పంపు బాగు చేసి ఇచ్చాను. రౌటర్‌కు మాత్రం మర్నాడు మా ఆఫీసు నుంచి మినీ యూపీఎస్ తెప్పించి పెట్టాను. కరెంటు పడినా, పోయినా దానిలోని చిన్న బ్యాటరీ రౌటర్‌ను నిలబెడుతుంది. యూపీఎస్ పెట్టేముందు సంచిలోని అడాప్టర్‌తో మిషన్ ఆడించి, లైట్లు ఆరిపోయే వీడియో తీసి ఖమ్మం పంపితే సూపర్‌వైజర్ దాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. చివరికి, "అడాప్టర్లు మార్పిస్త" అన్నాడు. అడవి లైను మొత్తానికి బరువైన పాత రకం అడాప్టర్లు పంపాడు కూడా. ఆయనను తప్పుపట్టలేం, తెర మీద ఉన్నది చదివాడు. నేనూ అంతే, నా ముందున్న మీటర్‌ను చదివాను.

ఈ కేసు నేర్పిన పాఠం చిన్నదే గానీ నాకు బాగా పనికొచ్చింది. వస్తువును అది పనిలో ఉన్నప్పుడు చూడాలి. మనం వచ్చామని ఇల్లు సర్దుకుని కూర్చున్నప్పుడు ఏ ఇంట్లోనూ ఏ లోపమూ కనపడదు. ఇప్పుడు ఏ గుంపుకు వెళ్లినా గడపలోనే చెప్పేస్తాను: నేను రాకముందు ఏం నడుస్తున్నాయో అన్నీ నడపండి, టీవీ, మోటారు, మిక్సీ, అన్నీ. నీళ్లు తర్వాత తాగుతాను. కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు, ఏం చేస్తాం.

మినీ యూపీఎస్ బిగించి నేను బయల్దేరిన శనివారం నాడే, దుమ్ముగూడెం దగ్గర టీ తాగుతుంటే అడవి వైపు నుంచి వస్తూ మిర్చి కూలీల డీసీఎం కనపడింది. వెనక నిండా మనుషులు, బొచ్చెలు, దుప్పటి మూటలు. అందులో మద్దిగుంపు వాళ్లున్నారేమోనని ముఖాలన్నీ వెతికాను. తెలిసిన ముఖం కనపడలేదు. అయినా మనసాగక, నెట్ ఎట్లున్నదో అడిగే వంకతో సునీతకు ఫోన్ చేశాను.

"మంచిగున్నదన్నా. డీసీఎం వచ్చింది, శానసేపు హారన్ కొట్టిండు. ఒక్కరం గూడ పోలే" అంది. వెనక మిషన్ చప్పుడులో పసిపిల్ల ఏడుపు వినపడుతోంది. ఎందుకు ఏడుస్తున్నదని అడిగాను.

"మా అత్త ఎత్తుకుంటే పోతలేదు" అంది సునీత, ఆ మాట అనేటప్పుడు ఆమె నవ్వు ఆగలేదు. "నేనే ఎత్తుకోవాల్నంట."