అలికిన బడి జాగా

రాత్రి పడిన జల్లుకు నేల మెత్తబడింది. పొద్దున్నే పల్లి చేనులో కలుపు తీయడానికి దిగాము. రెండు సాళ్లు అయ్యేసరికి ముసురు మళ్లీ పట్టింది. అప్పుడే మక్తల్ నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి గట్టు మీద నిలబడి, "మీ బడి సారు తెల్లారంగ పోయిండు" అన్నాడు. నాయిన కొడవలి కింద పెట్టి ఇంటిదారి పట్టాడు.

సారు మా ఊరికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బడి అంటే ఒక గది, దాని ముందు రాళ్ల జాగా. ఆయన మమ్మల్ని గదిలో కూర్చోబెట్టింది తక్కువ. నేల మీద గళ్లు గీసి, ఎక్కం చెబుతూ ఒంటికాలి మీద కుంటమనేవారు. "లెక్క ముందుగాల కాళ్లకు రావాలె" అనేవారు. ఓడి ఏడ్చిన పిల్లను ఎవరైనా వెక్కిరిస్తే, "నవ్వకుండ్రి. మల్ల ఆడనియ్యుండ్రి" అనేవారు.

ఒక చలికాలం, పట్నంలోని ఒక సంఘం బళ్లకు ఊయలలు ఉచితంగా కట్టిస్తున్నదని తెలిసి సారు ఉత్తరం రాశారు. జాగా ఏడాది పొడుగునా పిల్లలదే అయి ఉండాలని వాళ్ల షరతు. గురువారం చూడటానికి వస్తామని జవాబు వచ్చింది. సారుతో కలిసి నాలుగు రోజులు రాళ్లు ఏరాము, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాము, చివరికి పేడతో అలికాము. అదే పొరపాటు. జొన్న కోతల రోజుల్లో అంత నున్నగా అలికిన నేలను చూసి కంకులు నూర్చే కళ్లం అనుకోని రైతు మా వైపు లేడు. బుధవారం పొద్దున వెళ్లేసరికి జాగా నిండా కంకులు, మధ్యలో గుంజ, చుట్టూ ఎద్దులు. తోలుతున్నది మా నాయిన.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సారు అంచున చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు.

"అన్నా, రేపు సంఘపోళ్లు వస్తుండ్రు. పిల్లల ఊయల సంగతి."

"గింత మంచిగ అలికి పెట్టి, గిప్పుడు ఊయల అంటవేంది సారూ? పోరగాండ్లు దుంకుటానికి ఎవలన్న అలుకుతరా?"

"అలికింది నీ బిడ్డనే. అడుగు."

నాయిన నా వైపు చూసి నవ్వాడు. "ఇంట్ల అలుకు అంటె దీనికి నడుం నొస్తది." నవ్వు ఆగాక అన్నాడు: "కళ్లంల పడ్డ కంకిని గింజ రాలకముందు లేపరు సారూ. నీకెరుకనే."

సారుకు ఎరుకే. మమ్మల్ని గట్టున కూర్చోబెట్టి ఎద్దులు తిరిగే చుట్లు లెక్కపెట్టించారు.

మర్నాడు జీపులో ఇద్దరు వచ్చారు. "ఇది బడా, కళ్లమా? ఎవరు పోశారు?" అని అడిగారు. నాయిన ఎద్దులను ఆపాడు. "అలికింది మేమే. తప్పు మాది" అన్నారు సారు. నాయిన పేరు ఎత్తలేదు. ఊయల వేరే ఊరికి పోయింది.

మరుసటి ఏడాది నుంచి నాయిన మా చేనులోనే కళ్లం చేశాడు. బడి జాగాలో ఎవరైనా కంకి దించితే తనే పోయి కొట్లాడేవాడు. తుమ్మ దూలం, మోటతాడు తెచ్చి ఒక ఊయల కట్టాడు. అది ఒక పక్కకు వంగి ఊగేది. మొదట సారే ఎక్కి చూశారు. "వంకరున్నా ఊగుతాంది అన్నా" అన్నారు.

కబురు తెలిసిన రోజు వానలోనే మక్తల్‌లోని సారు ఇంటికి చేరాము. దహనం అయ్యాక ఊరివాళ్లం మూడు గంటల బస్సుకు బయలుదేరాము. నాయిన రాలేదు. దినాలు అయ్యేదాకా సారు కొడుకుల వెంట ఉండి, పన్నెండో రోజు మధ్యాహ్నం బయలుదేరాడు.